చేతిలో పట్టే ఆట

బియ్యం డబ్బా మూత మీద ఏది పెట్టొచ్చు, ఏది పెట్టకూడదు అన్న దగ్గర మొదలైంది ఆ మంగళవారం పొద్దుటి గొడవ.

"అన్నం పెట్టే డబ్బా అది. దాని మీద ఆ ఆటపెట్టె ఏంటమ్మాయ్?" అంది రూతమ్మ, వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి.

"ఛార్జింగు అయిపోయిందండి అత్తయ్యగారూ. ఆ ప్లగ్గు వైరు డబ్బా దాకానే అందుతుంది," అంది సిల్వియా, మిక్సీ జారులో కొబ్బరి ముక్కలు వేస్తూ.

"నువ్వు ఈ ఇంట్లో అడుగు పెట్టకముందు నుంచీ ఆ డబ్బా అక్కడే ఉంది. దాని మీద ఉప్పు పొట్లం కూడా పెట్టనివ్వలేదు నేను."

"మొన్న మీ మందుల సంచీ పెట్టుకున్నారు కదండీ."

"మందులూ ఆటలూ ఒకటేనా?"

"ఒకటే నానమ్మా," అంది రూబీ, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుంటూ అటుగా పోతూ. "అవి మింగితే నీకు బాగుంటుంది. అది ఆడితే అమ్మకి బాగుంటుంది."

"ఇంటరు చదివే పిల్లవి, నీ పుస్తకం నువ్వు చూసుకో."

సిల్వియా మిక్సీ వేసింది. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. మోత ఆగేసరికి హాల్లో బూట్లు తొడుక్కుంటున్న ఆనంద్ పాల్ గొంతు ఎత్తి, "ఇంక ఆ గొడవే ఉండదులేమ్మా," అంటున్నాడు. చేపల మేత కంపెనీలో ఫీల్డు ఆఫీసరు అతను. ఏలూరులో ఇల్లు, కొల్లేరు చెరువుల గట్ల మీద ఉద్యోగం. పొద్దున్నే ఏడింటికల్లా కొల్లేటికోట వైపు బయలుదేరాలి. "ఆ ఆటపెట్టెలోనే టీవీకి తగిలించేది వచ్చిందట. గూడెంలో టీవీల దుకాణం ఉంది చూడు, నా ఫ్రెండు హేమంత్, వాడు చెప్పాడు. ఇది ఇచ్చేసి అది తెచ్చుకుందాం. హాల్లో టీవీకి తగిలిస్తే అందరం ఆడుకోవచ్చు."

"దానికి టీవీది ఎందుకు నాన్నా?" అంది రూబీ. "చేతిలో పట్టుకుని ఆడుకోవడానికే కదా దాన్ని చేశారు. గోడకి తగిలిస్తే అది వేరే వస్తువు."

"అదే ఆట, అవే బొమ్మలు. కాకపోతే పెద్దగా కనిపిస్తాయి. మీ అమ్మ కళ్లజోడు నంబరు మొన్నేగా పెరిగింది. అరచేతిలోకి గుచ్చిగుచ్చి చూడటం దేనికి? హాయిగా కూర్చుని ఆడుతుంది. నలుగురికీ తలో రిమోటు."

"అమ్మ ఆడేది నలుగురితో కాదు కదా."

"ఇప్పుడు ఆడుతుంది."

"హాల్లో అయితే ఏం చేస్తోందో కనిపిస్తుంది కూడాను," అంది రూతమ్మ. కాఫీ ఆఖరి గుక్క తాగి గ్లాసు గట్టు మీద పెట్టింది.

సిల్వియా పచ్చడి గిన్నెలోకి తీసి, జారుకి అంటుకున్నది నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు కూడా గిన్నెలోనే పోసింది. తర్వాత బియ్యం డబ్బా మీది వస్తువు వైరు తీసి, కొంగుతో ఒకసారి తుడిచి, మసాలా డబ్బాల వెనక పెట్టింది. రెండు అరచేతులంత వెడల్పు. అటూ ఇటూ బొత్తాలు, మధ్యలో బొమ్మలు కనిపించే అద్దం. తాడేపల్లిగూడెంలో డీలర్ల మీటింగులో ఆనంద్ పాల్‌కి బహుమతిగా ఇచ్చారు. రూబీ ఒక పూట చూసి పక్కన పడేసింది. మూడు నెలల నుంచీ దాన్ని వాడేది సిల్వియా ఒక్కతే.

తొమ్మిదింబావుకి ఇల్లు ఖాళీ అవుతుంది. రూబీ కాలేజీకి పోతుంది, రూతమ్మ హాల్లో తన మంచం మీద బైబిలు తెరుస్తుంది. సిల్వియా కుక్కరు పెట్టి, కందిపప్పుకి మూడు కూతలు లెక్క పెట్టుకుంటుంది. మొదటి కూతకీ మూడో కూతకీ మధ్య తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాలూ ఆమె పొయ్యి పక్కన, సింకుకి నడుము ఆనించి నిలబడి, ఆ అద్దంలో పొలాలకి నీళ్లు పెడుతుంది.

ఆట అంతా అదే. పైన ఒక కొండ, అక్కడి నుంచి ఏరు, ఏటి నుంచి కాలువలు. టోపీలు పెట్టుకుని చెక్కబూట్లు తొడుక్కున్న బొమ్మరైతులు గట్ల మీద చేతులు కట్టుకుని చూస్తుంటారు. తూములు తీస్తూ మూస్తూ పొద్దు వాలేలోపు అన్ని పొలాలకీ నీళ్లు అందించాలి. మొదట్లో రెండు పొలాలు, ఒక తూము. ఇప్పుడు ఆమె తొంభై మూడో ఆటలో ఉంది. పద్నాలుగు పొలాలు, తొమ్మిది తూములు. పదకొండు రోజులుగా చిట్టచివరి పొలం ఎండిపోతూనే ఉంది. ఆ పొలం తాలూకు బొమ్మరైతు ఓడినప్పుడల్లా టోపీ తీసి నేలకేసి కొడతాడు. సిల్వియాకి నవ్వొస్తుంది, వెంటనే బాధ వేస్తుంది.

పప్పు దించాక మళ్లీ అవకాశం పదకొండున్నరకి, చేపల కూర పులుసు చిక్కబడే లోపల. మధ్యాహ్నం రూతమ్మ నిద్రపోయాక, ఉతికిన బట్టలు మడత పెట్టే ముందు ఇంకో పది నిమిషాలు. ఎవరైనా పిలిస్తే ఒక బొత్తాం నొక్కి కొంగు కింద పెట్టుకుంటుంది. ఏరు అక్కడే ఆగిపోతుంది. మళ్లీ ఆమె వచ్చి చూసేదాకా ఒక్క చుక్క కదలదు. ఆమె వచ్చేదాకా ఆగే వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. పాలు ఆగవు, మునిసిపల్ కుళాయి ఆగదు, ఆకలి ఆగదు.

ఆ సాయంత్రం ఆనంద్ పాల్ పెరట్లో కాళ్లకి అంటిన చెరువు బురద కడుక్కుంటుంటే చెంబు పట్టుకుని నిలబడింది.

"ఏవండీ, టీవీది కావాలంటే కొనుక్కోండి. ఇది నా దగ్గర ఉండనివ్వండి."

"రెండెందుకు? పాతది ఇస్తేనే హేమంత్ కొత్తది ఇస్తానన్నాడు." అతను తలెత్తి నవ్వాడు. "నీకోసమే కదా తెస్తున్నది. వంటింట్లో మూల నిలబడి ఆడటం నాకే బాగాలేదు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, ఇంట్లో ఆవిడకి కూర్చోవడానికి చోటు లేదా అనుకోరూ?"

నిలబడి ఆడటమే తనకి బాగుంటుందని చెప్పబోయింది. ఆ మాట నోట్లోనే ఎంత చిన్నదిగా ఉందో తెలిసి ఊరుకుంది. అతను చెడ్డగా ఏమీ అనలేదు. ఏనాడూ అనడు. చెంబులో మిగిలిన నీళ్లు కరివేపాకు మొదట్లో పోసి లోపలికి వెళ్లింది.

మరుసటి రోజు గూడెం వెళ్లారు. ఆనంద్ పాల్ సెలవు పెట్టి మరీ కారు తీశాడు. ఆటపెట్టె సిల్వియా హ్యాండుబ్యాగులో, రూబీ పాత స్కూలు రుమాలులో చుట్టి ఉంది. దారిలో ఒకచోట రోడ్డు పక్కనే కాలువ వచ్చింది. నీళ్లు నిండుగా, నెమ్మదిగా పోతున్నాయి. దూరంగా తూము దగ్గర ఒకతను పలకలు దించుతున్నాడు. అత్తిలి దగ్గర కాలువ మీద లస్కరుగా, తూములు తీసి మూసే పని చేసిన తండ్రి గుర్తొచ్చాడు. నీళ్లని తోలకూడదమ్మా, నిలబెట్టాలి అనేవాడు ఆయన. నిలబెడితే వాటంతటవే పైకొచ్చి పక్కకి ఎక్కుతాయి.

సిల్వియా సీట్లో నిటారుగా కూర్చుంది. ఇన్నాళ్లూ ఆఖరి పొలానికి నీళ్లు చాలక పై తూములన్నీ తీస్తూ పోయింది. తీయాల్సింది పైవి కాదు. కింద ఆరో తూము మూసి, కాలువ నిండేదాకా ఊరికే చూస్తూ ఉండాలి. ఉండి, అప్పుడు తొమ్మిదోది తీయాలి. అంతే.

బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసింది. ఆనంద్ పాల్ ఇంటరు రోజుల్లో హేమంత్‌కుమార్ చేసిన అల్లరి ఏదో చెబుతున్నాడు. మధ్యలో ఆట తీస్తే బాగుండదు. దుకాణంలో వాళ్లిద్దరూ మాటల్లో పడ్డాక తీద్దాంలే అనుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

దుకాణంలో ఆ వీలు దొరకలేదు. "రండి చెల్లెమ్మగారూ, రండి రండి," అంటూ హేమంత్‌కుమార్ ఎదురొచ్చి, కుర్చీ తుడిచి వేసి, నిమ్మసోడా తెప్పించాడు. గోడకున్న పెద్ద టీవీలో కొత్తది తగిలించి చూపించాడు. నల్లగా సబ్బుపెట్టంత ఉంది. దానికి బొత్తాల్లేవు, అద్దం లేదు. రిమోటు తీసుకెళ్లి ఆనంద్ పాల్ చేతిలో పెట్టాడు.

"బావున్నాయిరా బొమ్మలు," అన్నాడు ఆనంద్ పాల్. "చూశావా సిల్వియా?"

"చేతిది ఇంక రాదురా. కంపెనీ ఆపేసింది," అన్నాడు హేమంత్‌కుమార్. "ఇంటికి టీవీ ఉన్నాక ఇంకా చేతిలో ఎందుకు అనుకున్నారేమో. పాతది ఇటివ్వండి చెల్లెమ్మగారూ."

ఆమె రుమాలు విప్పి ఇచ్చింది. అతను అటూ ఇటూ తిప్పి, "గీత కూడా పడలేదు, ఎంత బాగా పెట్టారండీ," అని మెచ్చుకుని, ఏవో నొక్కాడు. "ఇందులో మీ ఆటలు కొత్తదాంట్లోకి మార్చమంటారా? నెట్టు నెమ్మదిగా ఉంది ఇవాళ, ఒక గంట పడుతుంది. లేదంటే చెరిపేస్తాను."

"గంటెందుకులేరా, మళ్లీ మొదటి నుంచి ఆడుకుంటుంది. టైము పాస్ అవ్వాలి కదా," అని ఆనంద్ పాల్ ఆమె వైపు తిరిగాడు. "ఏం సిల్వియా?"

"మీ ఇష్టమండీ," అంది సిల్వియా.

ఆ మాట అనడానికి ఆమెకి ఆలోచన అక్కర్లేదు. బట్టల కొట్టులో అంటుంది, పెళ్లిళ్లలో అంటుంది, డాక్టరు ఎదుట అంటుంది. నలుగురిలో భర్త అడిగినప్పుడు ఆ ఊళ్లలో ఆడవాళ్లు అనే మాట అది. సగం మర్యాద, సగం అలవాటు. అన్నాక రెండు క్షణాలకి అర్థమైంది ఏమన్నదీ. "ఒక్క నిమిషం..." అనబోయింది. హేమంత్‌కుమార్ వేలు అప్పటికే బొత్తాం మీద నుంచి లేచింది. అద్దం నల్లబడి, తెల్లబడి, ఎవరిదీ కాని కొత్త వస్తువులా వెలిగింది.

"ఏంటండీ?" అన్నాడు అతను.

"ఏం లేదండీ. సోడా బాగుంది."

సాయంత్రం కుటుంబ ప్రార్థన అయ్యాక ఆనంద్ పాల్ టీవీ మీది లేసుగుడ్డ తీసి, వైర్లు తగిలించి, ఆటలో తన పేరు రాసుకున్నాడు. పక్కింటి బంగార్రాజుగారినీ, ఆయన భార్య నాగరత్నాన్నీ పిలుచుకొచ్చాడు.

"మా ఆవిడ దీంట్లో గట్టిదండీ. చూద్దురుగాని," అని రిమోటు సిల్వియాకి ఇచ్చి సోఫా మధ్యలో కూర్చోబెట్టాడు.

మొదటి ఆట. రెండు పొలాలు, ఒక తూము. బొమ్మరైతు ఇప్పుడు రెండడుగుల ఎత్తున్నాడు.

"ఆ తూము తియ్యండమ్మా," అన్నాడు బంగార్రాజు. ముదినేపల్లి దగ్గర ఆయనకి పొలం ఉంది. "తియ్యండి, తియ్యండి. ఎండిపోతోంది."

"ఆగండీ, ఆవిడ చూసుకోరా?" అంది నాగరత్నం. "సిల్వియాగారూ, ఎడమది కాదేమో!"

"ఆ టోపీ ఏంటి, ఆ బూట్లేంటి? ఆ బూట్లతో ఊడుపులెలా ఊడుస్తాడు వాడు?" అంది రూతమ్మ. అందరూ నవ్వారు.

సిల్వియాకి తన చేతులు పరాయివాళ్ల చేతుల్లా కనిపించాయి. తెలిసిన ఆటలోనే ఒకసారి తప్పు తూము తీసింది. "అయ్యయ్యో!" అన్నారు ఐదుగురూ ఒక్కసారి. ఇంతలో పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచింది. పాలు దించి, టీ పెట్టి, గ్లాసుల్లో పోసి తెచ్చేసరికి రిమోటు ఆనంద్ పాల్ చేతిలో ఉంది. నాలుగో ఆటలో ఉన్నాడు.

"నువ్వు లేచావని నేను లాగిస్తున్నా," అన్నాడు, కళ్లు టీవీ మీంచి తీయకుండానే.

ఆమె ట్రే పట్టుకుని గోడ పక్కన నిలబడి చూసింది. రూబీ ఒక్కతే తల్లి మొహం వైపు చూసి, గ్లాసు అందుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

గురువారం మొదటి కూత రాగానే అలవాటుగా చెయ్యి మసాలా డబ్బాల వెనక్కి వెళ్లింది. అక్కడ మెంతుల సీసా తగిలింది. హాల్లోకి వెళ్లి టీవీ పెట్టింది. అది వెలిగి, పెట్టె వెలిగి, ఆట రావడానికే రెండు నిమిషాలు పట్టింది. సోఫాలో కూర్చుని ఇంకా ఒక తూమైనా తీయకముందే కూత వినపడింది. అది రెండోదా మూడోదా తెలియలేదు. పరిగెత్తి వెళ్లేసరికి పప్పు అడుగంటింది.

మధ్యాహ్నం రూతమ్మ నిద్రపోయాక, సౌండు పూర్తిగా తీసేసి, మంచం కాళ్ల దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. అరనిమిషం గడిచింది.

"కళ్ల మీద ఆ మెరుపులేంటమ్మాయ్?" అంది రూతమ్మ, చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని. "ఒక గంట కన్ను మూయనివ్వవా?"

"లేదండి, ఆపేస్తున్నాను."

సాయంత్రం వార్తలు, ప్రార్థన, తర్వాత రూతమ్మ సీరియలు, ఆ తర్వాత ఆనంద్ పాల్ ఆట. పదిహేనో ఆట దాటాడు. శుక్రవారానికి ఇరవై. "ఏంటి, నువ్వు ఆడటమే మానేశావు? నీకోసం తెస్తే నేను ఆడాల్సి వస్తోంది," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే నొచ్చుకున్నాడు.

"పనుందండీ," అంది సిల్వియా.

శుక్రవారం కుక్కరు పక్కన ఊరికే నిలబడింది. తొమ్మిది నిమిషాలు చాలా పొడుగని తెలిసింది. గట్టు తుడిచింది. తుడిచిన గట్టునే మళ్లీ తుడిచింది. ఆరో తూము మూసి తొమ్మిదోది తీస్తే ఏమయ్యేదో మనసులో బొమ్మ కట్టుకోవాలని చూసింది. నీళ్లు సగం దాకా వచ్చి చెదిరిపోతున్నాయి. ఎవరికి చెప్పుకుంటుంది? ఆట పోయిందని ఏడ్చే వయసా? అయినా ఆ రోజు ఉల్లిపాయలు తరుగుతుంటే మామూలు కంటే ఎక్కువే కారాయి కళ్లు.

శనివారం పదింటికి హేమంత్‌కుమార్‌కి ఫోను చేసింది.

"అయ్యో చెల్లెమ్మగారూ, నిన్ననే ముదినేపల్లి వాళ్లెవరో పట్టుకెళ్లారండీ. ఏమైనా మర్చిపోయారా అందులో?"

"లేదండీ. ఊరికే అడిగాను."

ఫోను పెట్టేసి, పొయ్యి వైపు వీపు పెట్టి నిలబడి, ఎదుటి గోడ చూసింది. కిటికీకీ అలమరకీ మధ్య చర్చి క్యాలెండరు ఒక్కటే వేలాడుతోంది. కుట్టుపెట్టెలోంచి టేపు తెచ్చి కొలిచింది. నలభై ఆరు అంగుళాలు. హాల్లోకి వెళ్లి, బైబిలు చదువుతున్న అత్తగారు చూస్తుండగానే, టీవీ అటు చివర నుంచి ఇటు చివర దాకా కొలిచింది. ముప్పై ఎనిమిది. పొయ్యి దగ్గర నుంచి గోడకి ఎన్ని అడుగులో, తాలింపు చిటపటలు ఎంత దూరం పడతాయో చూసుకుంది.

"ఏం కొలుస్తున్నావమ్మాయ్? గుడ్డ మారుస్తావా?"

"మారుస్తానండి అత్తయ్యగారూ."

తర్వాత ఎలక్ట్రీషియన్ శామ్యూల్‌కి ఫోను చేసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఒంటిగంట. కొల్లేటికోట రైతు ఒకాయన పంపిన కొర్రమేను ముక్కలు పొద్దున్నే పులుసు పెట్టి వెళ్లింది సిల్వియా. నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆనంద్ పాల్ కృతజ్ఞతా ప్రార్థన చేసి, మొదటి ముద్ద తిని, "అబ్బ!" అని కళ్లు మూసుకున్నాడు. చెరువుల కబుర్లు మొదలుపెట్టాడు.

"మొన్న ఒకాయన కొత్త ఏరేటరు కొన్నాడమ్మా. నీళ్లు చిలికి చేపలకి గాలి అందించే మిషను లేదూ, అది. తెచ్చి ఎక్కడ పెట్టాడనుకున్నావు? తన షెడ్డు ఎదురుగా, గట్టు పక్కన. మంచం మీద కూర్చుంటే చక్కగా కనిపిస్తుందట. చేపలేమో అటు మూల తేలి నోళ్లు తెరుస్తున్నాయి. 'ఏవండీ, గాలి మీకు కావాలా, వాటికి కావాలా' అన్నాను. దగ్గరుండి అటు మూలకి మార్పించి వచ్చాను."

రూబీ పగలబడి నవ్వింది. రూతమ్మ కూడా నవ్వి, ముల్లు తీసి కంచం అంచున పెట్టింది.

సిల్వియా తన కంచంలో అన్నం పెట్టుకుని కూర్చుంది. "ఏవండీ," అంది. "టీవీ వంటింట్లోకి మారుస్తున్నాను. శామ్యూల్‌ని రమ్మన్నాను."

ఆనంద్ పాల్ ముద్ద కంచంలోనే ఆగింది. "ఏ టీవీ?"

"హాల్లోది. కిటికీ పక్క గోడకి సరిపోతుంది. కొలిచాను."

"వంటింట్లో టీవీ ఏంటి సిల్వియా? ఎవరైనా వింటే నవ్వుతారు. జిడ్డు పట్టదూ?"

"పొయ్యికి ఏడడుగుల దూరం ఉందండీ. గుడ్డ కుడతాను."

"మరి నేను వార్తలెక్కడ చూడాలి?"

"వంటింట్లోనే. కుర్చీ వేస్తాను. చూస్తూ చిక్కుడుకాయలు ఈనెలు తీయొచ్చు."

రూబీ నవ్వు ఆపుకోవడానికి మంచినీళ్లు తాగింది. ఆనంద్ పాల్ తల్లి వైపు చూశాడు. ఆవిడ ఇప్పుడు ఏదో ఒకటి అంటుందని అతనికి తెలుసు, అనాలని కూడా ఉంది. రూతమ్మ నెమ్మదిగా నమిలి, మింగి, "అక్కడైతే మధ్యాహ్నం నా కళ్ల మీద పడవు ఆ మెరుపులు," అంది. "సీరియలుకి మాత్రం నా కుర్చీ ముందుండాలి."

"ఉంటుందండి."

"ఇదంతా ఆ ఆట కోసమా?" అన్నాడు ఆనంద్ పాల్. గొంతులో కోపం లేదు. ఎప్పుడూ చూసే మనిషి మొహంలో ఏదో కొత్తగా వెతుక్కుంటున్నట్టు ఉంది.

"అవునండీ," అంది సిల్వియా. ఆ మాట తను అనుకున్నంత చిన్నదిగా వినపడలేదు. గరిటె అందుకుని అతని కంచంలో తోక ముక్క వేసి, పైన పులుసు పోసింది. "నాలుగింటికి వస్తాడు శామ్యూల్. డ్రిల్లు మోత ఉంటుంది అత్తయ్యగారూ, ఇవాళ ఒక్కరోజు తినగానే పడుకోండి."